బాలమల్లు పెంచిన రోగం

దేశంలో గడ్డికి మంచి రోజులు వచ్చాయని పశుగ్రాస శాఖ మంత్రిగారు కామారెడ్డిలో ప్రకటించారు. అక్టోబరు రెండో బుధవారం నాడు, పెద్ద సభలో, మైకు ముందు నిలబడి, సరిగ్గా తొంభై తొమ్మిది రోజుల్లో రోగం రాని, ఎండకు ఎండని, వానకు కుళ్లని లూసర్న్ గడ్డిని రైతుల చేతిలో పెడతానని మాట ఇచ్చారు. వంద రోజులని ఎందుకు అనలేదంటే, ఆ అంకెను అంతకుముందే ప్రతిపక్షం వాడేసింది. ఇంకొకరు వాడిన అంకెను మంత్రిగారు ముట్టుకోరు. సభలో కూర్చున్న రైతుల్లో లూసర్న్ గురించి కొందరికి తెలుసు, కొందరికి తెలియదు. అది మెంతికూరలా ఉంటుందని, బర్రెలు ఇష్టంగా తింటాయని, పాలు చిక్కగా ఇస్తాయని తెలిసినవారు తెలియనివారికి చెప్పేలోపే చప్పట్లు అయిపోయాయి.

ఈ వార్తను ఎల్లారెడ్డిలోని చాయ్ హోటల్ టీవీలో చూసి, తాగుతున్న చాయ్‌ని బల్ల మీద పెట్టేసిన మనిషి ఒక్కడే ఉన్నాడు. అతని పేరు బాలమల్లు. ఊరి బయట ఉన్న లూసర్న్ వ్యాధి నిరోధక పరిశోధన ఉపకేంద్రంలో ఫీల్డ్ అసిస్టెంట్. పద్నాలుగేళ్లుగా టెంపరరీ. ఇంత నికరంగా టెంపరరీగా ఉన్న ఉద్యోగి చుట్టుపక్కల నాలుగు మండలాల్లో లేడు. అతని పని రోగాన్ని పెంచడం.

ఇందులో వెటకారమేమీ లేదు. రోగాన్ని తట్టుకునే గడ్డి ఏదో తేలాలంటే ముందు రోగం ఉండాలి కదా. అందుకని కేంద్రంలో పన్నెండు గుంటల మడి ఒకదాన్ని రోగానికే విడిచిపెట్టారు. దాన్ని అందరూ రోగం మడి అంటారు. ఏటా బాలమల్లు జొన్నలు నానబెట్టి, ఉడికించి, సీసాల్లో పోసి, వాటి మీద వేరుకుళ్లు బూజు పట్టించి, ఆ జొన్నలను మడిలో చల్లి కలియదున్నుతాడు. ఇంట్లో తినేది రేషన్ బియ్యం, రోగానికి పెట్టేది జొన్నలా అని భార్య సాలవ్వ అప్పుడప్పుడు దెప్పిపొడుస్తుంది. పెళ్లిళ్లలో కొత్త చుట్టాలు ఏం పని చేస్తావని అడిగితే అతను ఉన్నమాట చెబుతాడు. చుట్టాలు కుర్చీ కొంచెం పక్కకు జరుపుకుంటారు.

మడిలో పది వరుసలకు ఒక వరుస చొప్పున బజారు రకం వేస్తారు. అది విత్తనాల దుకాణంలో దొరికే మామూలు లూసర్న్. రోగం తగలగానే చచ్చిపోవడం దాని ఉద్యోగం. అది చచ్చిందంటే రోగం నిక్షేపంగా ఉన్నట్టు. మిగతా వరుసల్లో ఏటా రెండు వేల మొక్కలు పెడితే ఓ ముప్పై నలభై బతుకుతాయి. వాటి విత్తనం మళ్లీ అదే రోగంలో వేస్తారు. ఎరువు వెయ్యరు, నీళ్లు కూడా చాలీచాలనట్టే పెడతారు. ఇలా ఏడేళ్లు గడిచాక ఇప్పుడు మడిలో ఒక వరుస మిగిలింది. అందులో ఇరవై మూడు మొక్కలు. బాలమల్లుకు ఆ ఇరవై మూడూ ఒక్కొక్కటిగా తెలుసు. వాటి విత్తనం ఇంకా తీయలేదు. ఏప్రిల్‌లో తీయాలి.

బాలమల్లు మోటారు సైకిల్ మీద కేంద్రానికి వెళ్లేసరికి శాస్త్రవేత్త సాయిలత ఫోనులో క్యాలెండర్ చూస్తూ కూర్చుంది. ఆమెది బిచ్కుంద. చాలా పట్టాలు పుచ్చుకుని, ఏడేళ్లుగా ఈ గడ్డి దగ్గరే ఉండిపోయింది. ఏప్రిల్‌లో విత్తనం తీసినా, ఆ తర్వాత మూడు చోట్ల మూడేళ్లు పరీక్షించాలి. మంత్రిగారి తొంభై తొమ్మిదో రోజు జనవరిలో పడుతోంది.

"మన గడ్డి సంగతి ఆయనకెవరు చెప్పిండ్రు మేడం?" అని అడిగాడు బాలమల్లు.

"నేనే, బాలమల్లన్నా. ఆర్నెల్ల కింద పంపిన రిపోర్టుల 'ఫలితాలు ఆశాజనకం' అని రాసిన."

"గట్లెందుకు రాసిండ్రు మేడం?"

"తప్పయింది," అంది సాయిలత.

నవంబరులో కామారెడ్డి నుంచి జాయింట్ డైరెక్టర్ సునీల్‌కుమార్ గారు రెండు బండ్లలో తనిఖీకి వచ్చారు. ఒక బండిలో ఆయన, ఇంకో బండిలో ఆయన ఫైళ్లు. అంతకుముందు ఆయన చేపల శాఖలో పేరు తెచ్చుకున్న అధికారి. అందుకే గడ్డి ఒడ్డున ఉండటం ఆయనకు మొదట కొంచెం కొత్తగా అనిపించింది. అయినా తొందరగానే తేరుకుని గట్టు మీద నిలబడి రోగం మడి చూశారు. పసుపుపచ్చగా వాలిపోయిన వరుసలు, ఎండిపోయిన వరుసలు, మట్టి మాత్రమే మిగిలిన వరుసలు ఆయనకు కనిపించాయి.

"ఇది ఏ కేంద్రం?" అని అడిగారు.

వ్యాధి నిరోధక కేంద్రమని బాలమల్లు చెప్పాడు.

"వ్యాధి నిరోధక కేంద్రంలో వ్యాధి ఉందా? ఎన్నాళ్ల నుంచి?"

"పద్నాలుగేండ్ల నుంచి సార్. నేనే చూసుకుంటున్న."

"ఇన్నేళ్లలో ఒక్కరూ మందు కొట్టలేదా?"

"ఒక్క చుక్క పడనియ్యలే సార్," అన్నాడు బాలమల్లు. ఆ మాట గర్వంగానే అన్నాడు. పద్నాలుగేళ్లలో పైఅధికారి ఒకరు అతని పని గురించి అడగడం అదే మొదలు.

సాయిలత చార్టు పట్టుకుని ఇరవై నిమిషాలు వివరించింది. సునీల్‌కుమార్ గారు కళ్లు మూసుకుని విన్నారు. లోతైన విషయాలు ఆయన ఎప్పుడూ అలాగే వింటారు. బజారు రకం దగ్గరికి వచ్చేసరికి మాత్రం కళ్లు తెరిచారు. చావడానికే ఒక పంట వేశారని తెలిసి ఆయన మనసు కలుక్కుమంది. ప్రభుత్వ భూమిలో మొలిచాక అది కూడా ప్రభుత్వ గడ్డేనని, దానికీ బతికే హక్కు ఉందని చెప్పారు. చివరికి చార్టు మడిచి ఆమె చేతికే ఇచ్చారు.

"మేడం, మీరు చెప్పింది హండ్రెడ్ పర్సెంట్ కరెక్ట్. రోగం ఉండాలి. కానీ కనిపించకూడదు."

మర్నాడే మెమో వచ్చింది. పదిహేను రోజుల్లో మడిని ఆరోగ్యవంతం చేసి, చేసినట్టు ఫొటోలతో సహా తెలియజేయాలి. సాయిలత కామారెడ్డి వెళ్లి, ఆఫీసులో పొద్దంతా కూర్చుని, ఒక్క విషయం సాధించుకొచ్చింది. ఇరవై మూడు మొక్కల వరుసకు మందు కొట్టనవసరం లేదు. సునీల్‌కుమార్ గారు దీనికి సంతోషంగా ఒప్పుకున్నారు. అంతేకాదు, ఆ వరుస ముందు 'మందు ఎరుగని గడ్డి' అని బోర్డు పెట్టించమన్నారు. సూచన కూడా ఆయనదే కాబట్టి బోర్డు మీద ఆయన పేరు కూడా వచ్చింది.

మడికి మందు పోసే పని బాలమల్లుకే పడింది. పద్నాలుగేళ్లు కంటికి రెప్పలా కాచుకున్న రోగాన్ని తన చేత్తోనే చంపాల్సి వచ్చేసరికి అతనికి ఏడుపొచ్చింది. గట్టు మీద కూర్చుని కాసేపు ఏడ్చాడు కూడా. ఇంటికి వెళ్లి చెబితే, రోగం పోయినందుకు ఏడ్చిన మొగోణ్ని మా వంశంలో చూడలేదని సాలవ్వ అంది. తర్వాత చచ్చిన వరుసల్లో బజారు రకాన్ని మళ్లీ విత్తించారు, ట్యాంకర్లతో నీళ్లు వచ్చాయి, యూరియా వచ్చింది. నెల తిరిగేసరికి బజారు రకం నడుము ఎత్తు లేచి నల్లగా నిగనిగలాడింది. ఏడేళ్లుగా ఆకలికి, దాహానికి అలవాటుపడిన ఇరవై మూడు మొక్కలు మాత్రం మోకాలి కిందే నిలబడ్డాయి. పరిశీలనకు వచ్చిన పార్టీ పెద్దలు బజారు రకం ముందు నిలబడి సెల్ఫీలు దిగారు.

సభ ఏర్పాట్లు పార్టీ మండల అధ్యక్షుడు పర్శరాములు నెత్తికెత్తుకున్నాడు. అతని ఓపిక చూసి ముచ్చట పడాల్సిందే. ఎల్లారెడ్డి నుంచి కేంద్రం దాకా కరెంటు స్తంభానికో ఫ్లెక్సీ కట్టించాడు. వాటిలో మంత్రిగారు గడ్డిపూల మధ్య నవ్వుతూ ఉంటారు. పైనుంచి మంత్రిగారి మీద బంతిపూలు కుమ్మరించడానికి ఒక జేసీబీని మాట్లాడాడు. కొత్త గడ్డిని కెమెరాల ముందు తినడానికి లింగంపేట నుంచి రామవ్వను, ఆమె బర్రెను రప్పించాడు. రామవ్వ బీడీలు చుడుతుంది, రెండు బర్రెలు సాదుకుంటుంది, ఎకరం చేను ఉంది. బర్రె కొమ్ములకు మూడు రంగులు వేస్తుంటే ఆమె అడ్డు చెప్పలేదు. అయితే గడ్డి చూశాక బాలమల్లును పక్కకు పిలిచింది.

"దీనికి మందు కొట్టిండ్రా బిడ్డా?"

బాలమల్లుకు అబద్ధం నోటికి రాదు. కొట్టామని చెప్పాడు.

"అయితే నా బర్రె తినది," అంది రామవ్వ.

పర్శరాములు బతిమాలాడు, పార్టీ గౌరవం గురించి చెప్పాడు, బర్రె ఫొటో ఊరూరా పేపర్లో వస్తుందన్నాడు. రామవ్వ తాడు వదల్లేదు. చివరికి సునీల్‌కుమార్ గారికి ఉపాయం తట్టింది. మందు ఎరుగని వరుస ఉండనే ఉంది, మంత్రిగారు కొడవలితో అందులో గుప్పెడు కోసి బర్రెకు పెడతారు. బాలమల్లు గుండె కుదుటపడింది. లూసర్న్ కోసినకొద్దీ చిగురు పెడుతుంది, కోతతో దానికి వచ్చే నష్టం లేదు. సాయిలత కూడా సరేనంది. బాలమల్లు కొడవలిని సానబట్టి, పిడికి ఎర్ర రిబ్బను కట్టి పళ్లెంలో పెట్టాడు.

తొంభై తొమ్మిదో రోజు పొద్దున పదకొండు గంటలకు మంత్రిగారు దిగారు. జేసీబీ చెయ్యి పైకి లేచింది, బంతిపూలు కురిశాయి. మంత్రిగారు ముప్పావుగంట మాట్లాడారు. ఈ గడ్డిని కలలో తనకు ఎవరో చూపించారని, అప్పటి నుంచి తనకు నిద్ర లేదని చెప్పారు. సాయిలత రిపోర్టులోని ఒక వాక్యాన్ని కూడా చదివారు. ఈ రకం వేరు ఆరడుగుల లోతుకు పోతుందన్న వాక్యం ఆయనకు బాగా నచ్చి, రెండుసార్లు చదివారు. తర్వాత వరుస దగ్గరికి వచ్చారు. బాలమల్లు పళ్లెం ముందుకు చాపాడు. మంత్రిగారు కొడవలి వైపు చూశారు, కెమెరాల వైపు చూశారు.

"కోసుడేంది?" అన్నారు. "వేరు ఆరడుగులని ఇప్పుడే మైకుల చెప్పిన. ప్రజలకు వేరు సూపెట్టకపోతే నా మాటకు ఇలువేముంటది?"

మాట మీద నిలబడే నాయకులు ఈ రోజుల్లో అరుదు. మంత్రిగారు వంగి మొదటి మొక్కను రెండు చేతులా పట్టి లాగారు. ఆకులు చేతిలోకి వచ్చాయి, మొక్క రాలేదు. గన్‌మెన్లు ఇద్దరూ తుపాకులు పక్కన పెట్టి పట్టారు. మొక్క కదల్లేదు. గడ్డపారతో తవ్వితే గంట పడుతుంది, మంత్రిగారికి పన్నెండున్నరకు బిచ్కుందలో ఇంకో సభ ఉంది. అప్పుడు పర్శరాములు కన్ను జేసీబీ మీద పడింది. పూల పని అయిపోయి అది ఖాళీగానే ఉంది.

జేసీబీ కదలగానే బాలమల్లు పళ్లెం కింద పెట్టి వెళ్లి వరుసకు అడ్డంగా నిలబడ్డాడు. జీవితంలో అతను ఎవరికీ అడ్డంగా నిలబడిన మనిషి కాదు.

"ఏప్రిల్ దాకా ఆగుండ్రి సార్," అన్నాడు. "విత్తనం పట్టలే ఇంక. విత్తనమొచ్చినంక మీరే పీకుండ్రి, నేనే తవ్విస్త. ఏడేండ్ల పని సార్."

మంత్రిగారి కళ్లు చెమ్మగిల్లాయి. బాలమల్లు భుజం మీద చెయ్యి వేసి, గడ్డి మీద ఇంత ప్రేమ ఉన్న మనిషిని తాను చూడలేదని, ఇలాంటివాళ్ల కోసమే తమ ప్రభుత్వం పనిచేస్తోందని మైకులో చెప్పి, వెంటనే శాలువా తెప్పించారు. ఇద్దరు కార్యకర్తలు శాలువా రెండు కొసలూ పట్టుకుని బాలమల్లును మెల్లగా పక్కకు జరిపి, కెమెరా వైపు తిప్పి నిలబెట్టారు. సన్మానం నాలుగు నిమిషాలు పట్టింది. అతని వెనక జేసీబీకి కూడా అంతే పట్టింది. ఆ ఫొటోలో బాలమల్లు మెడ వెనక్కి తిప్పి ఉన్నాడు. అందుకే పేపర్లవాళ్లు వేసుకోలేదు.

సాయిలత గట్టు మీద నిలబడి చూస్తూ ఉంది. చేతిలోని చార్టును చిన్నచిన్న ముక్కలుగా చింపి బ్యాగులో వేసుకుంది.

వేళ్లు మూడడుగుల దగ్గర తెగి వచ్చాయి. మంత్రిగారు జానతో కొలిచి ఆరడుగులని ప్రకటించారు. మొదటి మొక్కను రామవ్వ బర్రె తిన్నది. ఆకు, కాడ, నేలమీద రాలిన తునకలతో సహా తిని, ఇంకా కావాలని తలెత్తి చూసింది. ఆ రోజు సభకు వచ్చినవాళ్లలో ఈ గడ్డి విలువ తెలిసి మెచ్చుకున్నది అదొక్కటే. మిగిలిన ఇరవై రెండు మొక్కలను వేదిక మీది పెద్దలకు జ్ఞాపికలుగా ఇచ్చారు. పెద్దలు ముప్పై ఒక్కరు ఉండటంతో కొంచెం మాటా మాటా వచ్చింది. తొమ్మండుగురు శాలువాలతో సర్దుకున్నారు. ఏర్పాట్లు చేసినందుకు పర్శరాములుకు అన్నిటికంటే పెద్ద మొక్క దక్కింది.

తర్వాత రైతులకు 'మహాలూసర్న్-99' విత్తనాల సంచులు పంచారు. వేదిక వెనక ఖాళీ బస్తాలు మడత పెడుతున్న బాలమల్లు వాటి మీది దుకాణం పేరు చదివాడు. ఏటా చావడానికి వేసే బజారు రకాన్ని అతను కొనుక్కొచ్చేది ఆ దుకాణంలోనే. ఒక బస్తా పట్టుకుని సునీల్‌కుమార్ గారి దగ్గరికి వెళ్లి, ఇదేమిటి సార్ అని అడిగాడు.

"కొత్త విత్తనం ఏప్రిల్‌లో వస్తుందని నువ్వే అన్నావు కదా," అన్నారు సునీల్‌కుమార్ గారు ఓపికగా. "మరి జనవరిలో పంచాలంటే ఎక్కణ్నుంచి తేవాలి? నువ్వే చెప్పు."

బాలమల్లు ఆ బస్తాను కూడా మడత పెట్టి మిగతావాటి మీద వేశాడు.

లూసర్న్ వేసే కాలం దాటిపోయినా రైతులు మంత్రిగారి మాట మీద గౌరవంతో వేశారు. ఎండాకాలం బోరు నీళ్లతో గట్టెక్కింది. జూలైలో ముసురు పట్టగానే లింగంపేట నుంచి బిచ్కుంద దాకా చేన్లన్నీ పసుపుపచ్చగా మారి, వాలి, కుళ్లిపోయాయి. రైతులు కామారెడ్డి వెళ్లి అడిగారు. వెంటనే కమిటీ వేశారు, కమిటీ వెంటనే తేల్చింది. మహాలూసర్న్-99 వ్యాధిని తట్టుకునే రకం కనుక దానికి వ్యాధి రావడం సాంకేతికంగా సాధ్యం కాదు. కాబట్టి చేన్లలో ఉన్నది వ్యాధి కాదు. వ్యాధి లేదు కనుక వ్యాధి నిరోధక కేంద్రంతో ఇక పని లేదు. ఉపకేంద్రాన్ని ఆగస్టు ఆఖరుకు మూసేసి, సాయిలతను కామారెడ్డిలో గ్రాస ప్రచార విభాగానికి బదిలీ చేస్తూ ఉత్తర్వులు వచ్చాయి. లక్ష్యం సాధించినందుకు కేంద్రానికి ప్రశంసాపత్రం కూడా అదే కవరులో పెట్టి పంపారు.

మూసేముందు ఒక చిక్కు వచ్చింది. స్టాకు రిజిస్టరులో ఇరవై మూడు మొక్కలు ఉన్నాయి, మడిలో లేవు. బర్రె తిన్నదానికి రామవ్వ వేలిముద్ర తీసుకున్నారు. మిగతా ఇరవై రెండూ ముట్టినట్టు పెద్దల సంతకాలు కావాలి. ఆ పని మీద బాలమల్లు ఊళ్లు పట్టుకు తిరిగాడు. సంతకం తీసుకున్న ప్రతిచోటా, మొక్క ఏమైందని కూడా అడిగాడు. ఒక్కటి బతికినా చాలు, దాని విత్తనంతో మళ్లీ మొదలుపెట్టొచ్చని అతని ఆశ. ఒకరి మొక్కను మేక తిన్నది. ఒకరిది కారు డిక్కీలో ఎండిపోయింది. ఒకరు డ్రైవర్‌కు ఇచ్చారు, డ్రైవర్ టోల్‌గేటు దగ్గర పారేశాడు. ఇరవై ఒక్క సంతకాలు అయ్యాయి. ఆఖరుది పర్శరాములుది.

పర్శరాములు ఇంట్లో హడావిడిగా ఉంది. మర్నాడు మంత్రిగారు భోజనానికి వస్తున్నారట, గోడలకు సున్నం వేస్తున్నారు. హాల్లో టీవీ పక్కన అద్దాల పెట్టెలో లూసర్న్ మొక్క ఉంది. బాలమల్లు గబగబా దగ్గరికి వెళ్లాడు. అది ప్లాస్టిక్‌ది. లోపల రంగుల లైట్లు వెలిగి ఆరుతున్నాయి.

"హైదరాబాద్‌ల చేయించిన," అన్నాడు పర్శరాములు సంతకం పెడుతూ. "అసలు దానికంటే మంచిగ కుదిరింది, సూడు."

"అసలుది ఏడున్నదన్నా?"

"ఏడ పోయిందో ఎవనికెరుక. మొన్న గదే ఎతికిన, దొరకలే."

బాలమల్లు రిజిస్టరు మూసి, చేతులు కడుక్కుని పోదామని ఇంటి వెనక స్నానాల నీళ్లు పారే జాలారి దగ్గరికి వెళ్లాడు. అక్కడే ఆగిపోయాడు. గోడ మూలన, సబ్బునీళ్ల బురదలో, గుట్కా ఉమ్ముల మధ్య, మోకాలెత్తు మొక్క నిలబడి ఉంది. కాడకు మూడేసి ఆకులు, ఊదారంగు పూలు. రెండు కొమ్మలకు నత్తగుల్లల్లా చుట్టుకున్న కాయలు కూడా ఉన్నాయి. బాలమల్లు దాని ముందు గొంతుక్కూర్చుని, కాయ ఒకటి వేళ్ల మధ్య పట్టి నొక్కి చూశాడు. లోపల గింజ తగిలింది.

"గా మొక్కనా?" అన్నాడు వెనక నుంచి పర్శరాములు. "మూడుసార్లు కోపిచ్చిన, రెండుసార్లు గడ్డిమందు కొట్టిపిచ్చిన. సస్తలేదు. రేపు సారొస్తడు, గిది సూస్తే ఏమనుకుంటడు? ఏం మొక్కనో ఏమో."

చెప్పాలని బాలమల్లు నోరు తెరిచాడు. ఏడేళ్ల సంగతి, ఇరవై మూడింటి సంగతి, ఇది ఆ వరుసలో ఎన్నోదో కూడా చెప్పాలనిపించింది. అంతలో మంత్రిగారు రేపు వస్తున్నారన్న మాట చెవిలో మళ్లీ వినిపించింది. చెబితే ఏమవుతుందో అతనికి తెలుసు. శాలువా వస్తుంది, వేదిక లేస్తుంది, దాని వెనకే జేసీబీ కూడా వస్తుంది.

"పిచ్చి మొక్కన్నా," అన్నాడు. "గడ్డపార ఇయ్యుండ్రి. నేను తీస్త."

రెండు గంటలకు మొదలుపెట్టి నాలుగున్నర దాకా తవ్వాడు. మొక్కకు జానెడు దూరంలో చుట్టూ గుంత తీసి, మట్టిని వేళ్లతో గీకి, పక్కవేరు కూడా తెగకుండా మట్టిగడ్డతో సహా పైకెత్తి తడి గోనెసంచిలో చుట్టాడు. కుర్చీ వేసుకుని చూస్తున్న పర్శరాములు ఆశ్చర్యపోయాడు.

"పిచ్చి మొక్కను పీకుతందుకే గింత పాణం పెడుతున్నవంటే, నిన్ను పర్మినెంట్ చెయ్యాలె బాలమల్లూ. రేపు సారుకు చెప్త. దూరం పారెయ్ దాన్ని, మల్ల మొలవొద్దు."

దూరమే పారేస్తానని బాలమల్లు మాట ఇచ్చాడు.

మర్నాడు పొద్దున సాయిలత గోనెసంచి విప్పి చూసింది. తర్వాత కళ్లు తుడుచుకుని, దీన్ని ఎక్కడ పెడదామని అడిగింది. కేంద్రంలో పెట్టడానికి లేదు, వారంలో తాళం పడుతుంది. పైగా మందు పోసి పోసి రోగం మడిలో రోగం పోయింది. ఈ మొక్కకు, రేపు దీని పిల్లలకు మంచి రోగం ఉన్న నేల కావాలి. ఇద్దరికీ ఒకేసారి రామవ్వ చేను గుర్తొచ్చింది. షేర్ ఆటోలో లింగంపేట వెళ్లారు.

"ఊరంత తిరిగి నా చేనుకే వచ్చిండ్రా, రోగమున్నదని?" అంది రామవ్వ. ఎకరం చేనంతా ఎండిపోయిన కాడలు నిలబడి ఉన్నాయి.

"మంచి రోగమున్నదవ్వా," అన్నాడు బాలమల్లు మట్టి పిడికిట్లోకి తీసుకుని వాసన చూస్తూ. "గిసుంటి రోగం పద్నాలుగేండ్లల్ల నేను గూడ పెంచలే."

అతను చేని నడుమ గుంత తీశాడు. సాయిలత మొక్కను దించి చుట్టూ మట్టి నొక్కింది. ఏడేళ్లలో నంబరు ట్యాగు కట్టకుండా ఆమె ఒక్క మొక్కను కూడా నేలలో పెట్టలేదు. ఇప్పుడూ అలవాటుగా బ్యాగులోంచి ట్యాగు తీసి, పెన్ను మూత విప్పింది. ఏమీ రాయకుండానే మూత పెట్టేసి, ట్యాగును మళ్లీ బ్యాగులో పెట్టేసుకుంది.

"ఎవలన్న అడిగితే ఏమని చెప్పాలె బిడ్డా?" అంది రామవ్వ.

"కలుపని చెప్పవ్వా," అంది సాయిలత.

తర్వాతి వారం మహాలూసర్న్-99 విజయ సర్వే కోసం కామారెడ్డి నుంచి ట్యాబ్ పట్టుకుని ఒక ఉద్యోగి వచ్చాడు. గట్టు మీద నిలబడి చేను మొత్తం చూశాడు. ట్యాబ్‌లో పంట గురించి రెండే జవాబులు ఉన్నాయి, బాగుంది, చాలా బాగుంది. అతను మనస్సాక్షి ఉన్నవాడు, బాగుంది అన్నదాన్నే నొక్కాడు. తర్వాత నడుమ పచ్చగా ఉన్నదేమిటని అడిగాడు. రామవ్వ చెప్పింది. అతను తలూపి, కింది గడిలో 'కలుపు: ఒక మొక్క' అని రాసి, ఆమె వేలిముద్ర తీసుకుని వెళ్లిపోయాడు.